మంచు ఆటల్ని ఫాలో అవడం ఎలా? బయాథ్లాన్‌తో మొదలుపెట్టండి

డిసెంబరులో ఒక శుక్రవారం. సాయంత్రం ఏడింటికి మీరు ఆఫీసు నుంచి వచ్చి టీ పెట్టుకుంటున్నారు. అదే సమయానికి ఆస్ట్రియాలోని హోక్‌ఫిల్జెన్‌లో మధ్యాహ్నం రెండున్నర. వీపున తుపాకి, కాళ్లకి స్కీలు, ఛాతీ మీద నంబరుతో మనుషులు అరనిమిషానికి ఒకరు చొప్పున మంచులోకి బయల్దేరుతున్నారు. ఆ పక్కన తెర మీద పేర్లు, ప్లస్ గుర్తులు, సున్నాలు, సెకన్లు పరిగెడుతుంటాయి. మొదటిసారి చూసినవాళ్లకి ఎవరు ముందున్నారో కూడా అర్థం కాదు.

నాకూ కాలేదు. మొదట్లో ఒక స్ప్రింట్ రేసు చూస్తూ, అందరికన్నా ముందు గీత దాటిన మనిషే గెలిచాడనుకుని లాప్‌టాప్ మూసేసి భోజనానికి వెళ్లిపోయాను. మర్నాడు చూస్తే అతనిది ఇరవై ఎన్నో స్థానం. గెలిచినవాడు నేను అన్నం తింటున్నప్పుడు పరిగెత్తాడు.

క్రికెట్ స్కోర్‌కార్డు చదవడం మనకి ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు, ఇంట్లో రేడియో మోగుతుంటే వచ్చేసింది. మంచు ఆటల విషయంలో ఆ రేడియో లేదు కాబట్టి కాస్త కూర్చుని నేర్చుకోవాలి. రెండు వారాంతాలు చాలు.

మొదటి పని: ఒలింపిక్స్‌తో మొదలుపెట్టకండి

చాలామంది నాలుగేళ్లకోసారి వింటర్ ఒలింపిక్స్ వచ్చినప్పుడు పతకాల పట్టిక చూసి, నార్వే ఎప్పుడూ పైన ఉంటుందేమిటా అని ఆశ్చర్యపోయి, మళ్లీ నాలుగేళ్లు మర్చిపోతారు. 2022 బీజింగ్‌లో నార్వే 16 స్వర్ణాలు, మొత్తం 37 పతకాలు తీసుకుంది. ఆ దేశ జనాభా మన హైదరాబాద్ నగరం కంటే తక్కువ. ఇది చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, ఒక్క రేసు కూడా చూడకుండా పట్టిక చూడటం పెళ్లికెళ్లి చదివింపుల లిస్టు చదివినట్టే.

అసలు ఆట ప్రపంచకప్‌లో ఉంటుంది. ఇక్కడ కప్ అనగానే నెల రోజుల టోర్నీ అనుకోకండి. మంచు ఆటల్లో ప్రపంచకప్ అంటే శీతాకాలం పొడుగునా ఊరూరా తిరిగే సర్కిట్. వారానికో ఊరు, ప్రతి రేసుకీ పాయింట్లు, సీజన్ చివర ఎక్కువ పాయింట్లున్నవారికి క్రిస్టల్ గ్లోబ్ అనే గాజు గోళం. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ వేరు, ఒలింపిక్స్ వేరు. ఆ రెండిట్లో పతకాలే తప్ప, బయాథ్లాన్‌లో ఆ ఫలితాలు ప్రపంచకప్ పాయింట్లలో కలవవు. ఈ మూడింటినీ కలిపేసుకుంటే ఏ వార్తా అర్థం కాదు.

ఇక ఆటలు చూస్తే ఓ సంతంత ఉన్నాయి: ఆల్పైన్ స్కీయింగ్, స్కీ జంపింగ్, క్రాస్ కంట్రీ, లూజ్, బాబ్‌స్లే, ఫిగర్ స్కేటింగ్, స్పీడ్ స్కేటింగ్, కర్లింగ్, ఐస్ హాకీ. అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ దక్కదు. ఒక్కటి తీసుకోండి. నన్నడిగితే బయాథ్లాన్. యూరప్‌లో శీతాకాలం టీవీలో జనం బాగా చూసే ఆటల్లో ఇదొకటి. దానికి కారణం మొదటి అరగంటలోనే మీకు తెలిసిపోతుంది.

రెండో పని: ఆట ఏమిటో పది నిమిషాల్లో పట్టుకోండి

స్కీల మీద పరుగు, మధ్యలో ఆగి తుపాకి కాల్పులు. అంతే. దూరం 50 మీటర్లు, ఎదురుగా అయిదు నల్లటి గుండ్రాలు, తగిలితే తెల్లగా మారతాయి. పడుకుని కాల్చేటప్పుడు గుండ్రం వెడల్పు 45 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు, ఓ పూరీ అంత. తుపాకి బరువు కనీసం మూడున్నర కిలోలు, రేసంతా వీపు మీదే ఉంటుంది. కొండెక్కి రొప్పుతూ వచ్చి, గుండె దడదడలాడుతుండగా ఊపిరి బిగబట్టి నిమ్మకాయని కొట్టాలి. నిమిషం ఆధిక్యం ఉన్న మనిషి ఆఖరి కాల్పుల్లో మూడు గుళ్లు తప్పి ఎనిమిదో స్థానానికి జారిపోవడం ఇక్కడ వింతేమీ కాదు. చేతిలో ఉన్న మ్యాచ్ ఆఖరి ఓవర్లో పోవడం చూసినవాళ్లం కాబట్టి ఈ టెన్షన్ మనకి వెంటనే ఎక్కుతుంది.

తప్పిన గుండుకి శిక్ష రేసుని బట్టి ఉంటుంది. అందుకే రేసు రకాలు తెలియాలి.

స్ప్రింట్: పురుషులకి 10 కిలోమీటర్లు, మహిళలకి 7.5. రెండుసార్లు కాల్పులు, ముందు పడుకుని, తర్వాత నిలబడి. ఒక్కో తప్పుకి 150 మీటర్ల పెనాల్టీ లూప్ ఒక చుట్టు. ఆ చుట్టుకి దాదాపు పాతిక సెకన్లు పోతాయని గుర్తుంచుకోండి, ఈ లెక్క తర్వాత పనికొస్తుంది. 30 సెకన్ల తేడాతో ఒక్కొక్కరు బయల్దేరతారు. వందమంది ఉంటే చివరివాడు బయల్దేరేసరికి దాదాపు యాభై నిమిషాలవుతుంది. నేను బోల్తా పడింది ఇక్కడే.

పర్స్యూట్: స్ప్రింట్‌లో మొదటి 60 మందితో ఒకటి రెండు రోజుల్లోనే జరుగుతుంది. స్ప్రింట్‌లో ఎన్ని సెకన్లు వెనకబడ్డారో అన్ని సెకన్లు ఆలస్యంగా బయల్దేరతారు. నాలుగుసార్లు కాల్పులు. ముందు గీత దాటినవారే విజేత, ఏ లెక్కా అక్కర్లేదు.

మాస్ స్టార్ట్: 30 మంది, అందరూ ఒకేసారి. ఇదీ అంతే, ముందొచ్చినవాడిదే గెలుపు.

ఇండివిడ్యువల్: అన్నిటికన్నా పాతది, పొడుగుది. పురుషులకి 20 కిలోమీటర్లు, మహిళలకి 15. ఇందులో లూప్ ఉండదు. తప్పుకో నిమిషం నేరుగా సమయానికి కలిపేస్తారు. అందుకే పరుగులో మెరుపుల్లాంటి వాళ్లు ఇక్కడ తడబడతారు, నిదానంగా వచ్చినా గురి తప్పనివాళ్లు పైకి వస్తారు.

రిలే: నలుగురి జట్టు. ఒక్కో కాల్పుల విడతకి మూడు అదనపు గుళ్లు ఇస్తారు, కానీ వాటిని ఒక్కొక్కటే చేత్తో ఎక్కించుకోవాలి. ఎనిమిది గుళ్లూ అయ్యాక ఇంకా నల్లగా మిగిలిన గుండ్రాలుంటే అప్పుడు లూప్.

మీరు చూసే మొదటి రేసు పర్స్యూట్ గానీ మాస్ స్టార్ట్ గానీ అవ్వాలి. స్ప్రింట్‌తో మొదలుపెట్టొద్దు. ఇండివిడ్యువల్‌తో అసలే వద్దు, అది సంగీత కచేరీలో రాగం తానం పల్లవి లాంటిది, చెవి పడ్డాక చూసుకోవచ్చు.

మూడో పని: క్యాలెండర్‌ని మన టైంలోకి మార్చి రాసుకోండి

సీజన్ నవంబరు చివరో డిసెంబరు మొదట్లోనో స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్ లేదా ఫిన్లాండ్‌లోని కొంటియోలాహ్టి లాంటి ఉత్తరాది ఊళ్లలో మొదలవుతుంది. ఇక్కడ కార్తీక దీపాలు వెలిగించడం అయిపోగానే అనుకోండి. ధనుర్మాసం వచ్చేసరికి హోక్‌ఫిల్జెన్, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో అన్సీ దగ్గరి ల గ్రాన్ బోర్నాన్. సంక్రాంతి రోజుల్లో జర్మనీ: ఓబెర్‌హోఫ్‌లో పొగమంచు, రూపోల్డింగ్‌లో కిక్కిరిసిన స్టాండ్లు. జనవరి చివర తరచుగా ఇటలీలోని ఆంథోల్జ్. ఫిబ్రవరిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ గానీ ఒలింపిక్స్ గానీ. ఉగాది దరిదాపుల్లో, మార్చి మూడో వారం ప్రాంతంలో, చాలా సీజన్లు ఓస్లో నగరం పైనున్న హోల్మెన్‌కోలెన్‌లో ముగుస్తాయి. వరస ఏటా కాస్త మారుతుంది గానీ తీరు ఇదే. వారంలో రేసులు బుధ, గురువారాల్లో మొదలై ఆదివారంతో అయిపోతాయి.

టైం లెక్క సులువే. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, ఫ్రాన్స్, నార్వే, స్వీడన్‌లలో ఏ టైం ఉంటే దానికి నాలుగున్నర గంటలు కలపండి. మధ్యాహ్నం 2.30 అంటే మనకి రాత్రి 7. ఫిన్లాండ్, ఎస్టోనియాలైతే మూడున్నర గంటలే. మంచు ఆటల విషయంలో మన అదృష్టం ఇదే, నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. యూరప్ ఫుట్‌బాల్ అభిమానుల కళ్ల కింద నలుపు మనకి రాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి అదే రేసు న్యూజెర్సీలో ఉదయం 8.30కి, డాలస్‌లో 7.30కి. ఒక్క చిక్కుంది. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు మారతాయి, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం దాకా మారవు. సీజన్ ఆఖరి రేసులు సరిగ్గా ఆ రెండిటి మధ్యే పడతాయి. ఆ రోజుల్లో న్యూజెర్సీలో 9.30, డాలస్‌లో 8.30. దుబాయ్‌లో ఉంటే సాయంత్రం 5.30, లండన్‌లో మధ్యాహ్నం 1.30, వాటికి ఈ బాధ లేదు.

క్యాలెండర్ చూసేటప్పుడు అక్కడున్న టైం ఆ ఊరిదో, మీ ఫోన్‌దో ముందు చూసుకోండి. చాలా యాప్‌లు తమంతట తామే మన టైంలోకి మార్చేస్తాయి. అది తెలీక ఇంకో నాలుగున్నర గంటలు కలుపుకుని, రాత్రి పదకొండున్నరకి ఖాళీ తెర ముందు కూర్చున్న అనుభవం నాకుంది.

నాలుగో పని: ఎక్కడ చూడాలి

అంతర్జాతీయ బయాథ్లాన్ సమాఖ్య సొంత సైటు, యాప్ ఉన్నాయి. రేసు నడుస్తుండగానే ప్రతి గుండు ఫలితం, ప్రతి చెక్‌పాయింట్ దగ్గర సమయం అందులో పడుతుంటాయి, డబ్బు కట్టనక్కర్లేదు. స్కీ జంపింగ్, ఆల్పైన్, క్రాస్ కంట్రీలకి అంతర్జాతీయ స్కీ సమాఖ్య సైటు, స్కేటింగ్‌కి అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ సైటు. వీడియో సంగతికొస్తే ప్రసార హక్కులు దేశాన్ని బట్టి, సీజన్‌ని బట్టి మారిపోతుంటాయి. అందుకని నవంబరులోనే ఒకసారి సమాఖ్య సైట్లో మన దేశానికి ఏముందో చూసుకోవాలి. సమాఖ్యల యూట్యూబ్ ఛానెళ్లలో ముఖ్య ఘట్టాలు వస్తాయి. లైవ్ వీడియో దొరక్కపోతే కంగారు పడకండి. లైవ్ ఫలితాల పేజీ ఒక్కటి పెట్టుకుని ఫాలో అవ్వడం కూడా ఓ సరదా, పాతకాలంలో స్కోరు వింటూ మ్యాచ్‌ని ఊహించుకున్నట్టు.

అయిదో పని: పట్టీ చదవడం

అసలు పని ఇది. ఇది వచ్చేస్తే మిగతావన్నీ వస్తాయి.

రేసు అయ్యాక వచ్చే పట్టీలో ఎడమ నుంచి కుడికి స్థానం, నంబరు, పేరు, దేశం, కాల్పులు, మొత్తం సమయం, వెనకబడిన సమయం ఉంటాయి. దేశాల మూడక్షరాల గుర్తుల దగ్గర జాగ్రత్త. ఎస్‌యూఐ అంటే స్విట్జర్లాండ్, ఎస్‌డబ్ల్యూఈ అంటే స్వీడన్. ఏయూటీ అంటే ఆస్ట్రియా, ఆస్ట్రేలియా కాదు. పేర్లలో కూడా నార్వే అక్షరాలు మారిపోతాయి. బో అనే ఇంటిపేరుని బీ, ఓ, ఈ అని రాస్తారు. అది ‘బోయ్’ కాదు.

కాల్పుల గడిలో స్ప్రింట్‌కైతే 0+1 లాంటిది ఉంటుంది. మొదటి విడతలో తప్పులు సున్నా, రెండో విడతలో ఒకటి. పర్స్యూట్‌లో, మాస్ స్టార్ట్‌లో నాలుగు అంకెలు, 0+0+1+2 అన్నట్టు. వాటిలో మొదటి రెండూ పడుకుని, తర్వాత రెండూ నిలబడి. ఇండివిడ్యువల్‌లో మాత్రం పడుకుని, నిలబడి, మళ్లీ పడుకుని, నిలబడి. ఈ వరస తెలిస్తే ఎవరి బలహీనత ఎక్కడుందో వెంటనే కనపడుతుంది. పర్స్యూట్‌లో ఒకరి అంకెలు ప్రతి వారం చివర్లోనే ఉబ్బుతుంటే, ఆ మనిషికి నిలబడి కాల్చడం సరిగ్గా రాదన్నమాట.

రిలే పట్టీలో అదే 1+3 కనపడుతుంది కానీ అర్థం పూర్తిగా వేరు. అక్కడ మొదటి అంకె లూప్ చుట్లు, రెండోది వాడిన అదనపు గుళ్లు. 0+3 అంటే గండం గడిచింది, 1+3 అంటే దెబ్బ తగిలింది. ఈ తేడా నాకు తెలియడానికి ఒక సీజనంతా పట్టింది. అప్పటిదాకా రిలేల్లో వీళ్లు ఇన్ని తప్పులు చేస్తారేమిటా అనుకునేవాణ్ణి.

ఇప్పుడు పాతిక సెకన్ల లెక్క తీయండి. ఒక స్ప్రింట్‌లో విజేత సున్నా తప్పులతో గెలిచాడు. ఏడో స్థానంలో ఉన్న కుర్రాడు రెండు తప్పులు చేసి 38 సెకన్లు వెనకున్నాడు. రెండు లూప్‌లకి సుమారు యాభై సెకన్లు పోయాయి కదా. అంటే అవి తీసేస్తే మంచు మీద అతనే విజేత కంటే వేగంగా పరిగెత్తాడు. మర్నాటి పర్స్యూట్‌లో చూడాల్సింది అతన్ని. మొదటి మూడు పేర్లు మాత్రం చూసి పేజీ మూసేసేవాళ్లకి ఈ కుర్రాడు ఎప్పటికీ కనపడడు.

లెక్క మీరు వేసుకోకపోయినా సమాఖ్య పేజీలో విడివిడిగా పట్టికలు ఉంటాయి: పరుగు సమయం, కాల్పుల ప్రాంతంలో గడిపిన సమయం, కాల్చడానికే పట్టిన సమయం. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కొందరు అయిదు గుళ్లూ పాతిక సెకన్లలోపు పేల్చేసి లేచిపోతారు. కొందరికి చాపమీద పడుకుని స్థిరపడటానికే బోలెడు సమయం. పరుగు సమయంలో ఒక దేశం వాళ్లంతా ఒకేసారి కిందకి జారితే తప్పు మనుషులది కాకపోవచ్చు. ఆ రోజు స్కీలకి రాసిన మైనం మంచుకి నప్పలేదేమో. ఫ్లోరిన్ ఉన్న మైనాలని 2023-24 సీజన్ నుంచి నిషేధించాక టెక్నీషియన్ల పని మరీ కీలకమైంది. అలాగే ఒకే సమయంలో కాల్చినవాళ్లందరికీ తప్పులు పెరిగాయంటే అది గాలి. స్ప్రింట్‌లో ముందు బయల్దేరినవాళ్లకి, వెనక బయల్దేరినవాళ్లకి వాతావరణం ఒక్కటి కాదు కాబట్టి నంబరు గడిని కూడా ఓ కంట కనిపెట్టాలి.

పట్టీ అడుగున కొన్ని పొడి అక్షరాలుంటాయి. డీఎన్‌ఎస్ అంటే బయల్దేరలేదు, డీఎన్‌ఎఫ్ అంటే మధ్యలో ఆగిపోయారు, డీఎస్‌క్యూ అంటే అనర్హులు. ఎల్‌ఏపీ అంటే ముందున్నవారు ఒక రౌండు దాటేసి వెనక నుంచి వచ్చి కలిశారు, అందుకని రేసు నుంచి తప్పించారు. చిన్న దేశాల రిలే జట్లకి ఇది తరచుగా జరుగుతుంది. చూడటానికి బాధగానే ఉంటుంది.

పట్టీ అన్నీ చెప్పదు కూడా. 2025 మార్చిలో హోల్మెన్‌కోలెన్‌లో మహిళల ఆఖరి మాస్ స్టార్ట్ జరిగింది. అప్పటికి జర్మనీకి చెందిన ఫ్రాన్సిస్కా ప్రాయ్స్, ఫ్రాన్స్‌కి చెందిన లూ జాన్‌మోనో పాయింట్లలో పక్కపక్కనే ఉన్నారు. సీజనంతటి ఫలితం ఆ ఒక్క రేసు మీదకి వచ్చింది. ఆఖరి రౌండులో కూడా ఇద్దరూ ముందే, ఒకరి వెనక ఒకరు. ముగింపు దగ్గర పడుతుండగా జాన్‌మోనో పడిపోయింది. ప్రాయ్స్ గెలిచింది, క్రిస్టల్ గ్లోబ్ కూడా ఆమెకే వెళ్లింది. పట్టీలో చూస్తే ఒకటి ప్రాయ్స్, రెండు జాన్‌మోనో, మధ్యలో కొన్ని సెకన్లు. అంతే. ఇలాంటి రోజుల కోసమే వీడియో వెతుక్కోవాలి.

ఆరో పని: ఒక మనిషిని, ఒక పట్టికని పట్టుకోండి

గెలిచినవారికి 90 పాయింట్లు, రెండో స్థానానికి 75, అలా తగ్గుతూ 40వ స్థానానికి 1. మొత్తం పాయింట్లలో ముందున్నవారు తర్వాతి రేసుకి పసుపు బిబ్ (ఛాతీ మీద నంబరు ఉండే పైతొడుగు) వేసుకుంటారు. ఆ రేసు రకం పాయింట్లలో ముందున్నవారికి ఎరుపు. రెండిట్లో ఒకరే ఉంటే సగం పసుపు, సగం ఎరుపు. చూస్తున్నప్పుడు తెర మీద పసుపు ఎక్కడుందో కనిపెట్టుకుంటే కథ సగం తెలిసినట్టే.

మనిషిని ఎంచుకోవడంలో నా సలహా: అగ్రస్థానంలో ఉన్నవారిని వద్దు, పదిహేనో స్థానం నుంచి పాతికలోపు ఎవరినైనా తీసుకోండి. నార్వే దిగ్గజం ఓలె ఐనార్ బ్యోర్న్‌డాలెన్, 2012 నుంచి 2018 దాకా వరసగా ఏడుసార్లు గ్లోబ్ గెలిచిన ఫ్రాన్స్ ఆటగాడు మార్టిన్ ఫూర్కాద్, ఆ తర్వాత అయిదుసార్లు గెలిచిన నార్వే ఆటగాడు యొహానెస్ థింగ్నెస్ బో, వీళ్ల గురించి చదవడం అవసరమే. కానీ ఎప్పుడూ గెలిచేవాళ్లని ఫాలో అయితే పట్టీ చదవాల్సిన పని పడదు. పద్దెనిమిదో స్థానంలో ఉన్నవాళ్లని ఎంచుకుంటే ప్రతి వారం పట్టీలో కిందకి వెళ్లి వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే మిగతా పేర్లన్నీ పరిచయం అవుతాయి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రేసుకి ఒక్క లైను చాలు: ఊరు, స్థానం, తప్పులు, పరుగులో ఎన్నో ర్యాంకు. ఫిబ్రవరి వచ్చేసరికి, వ్యాఖ్యాత చెప్పకముందే ఈ మనిషి ఈ రోజు అలిసిపోయాడని మీరు అనగలుగుతారు. ఇంట్లోవాళ్లు విచిత్రంగా చూస్తారు, పట్టించుకోకండి.

ఏడో పని: రెండో ఆట కలుపుకోండి

మొదటి సీజన్‌లోనే క్రిస్మస్ తర్వాత ఓ చిన్న విరామం వస్తుంది. ఆ ఖాళీలో స్కీ జంపింగ్ చూడండి, కొండ మీది వాలు నుంచి స్కీలతో జారి గాల్లోకి దూకే ఆట. ఫోర్ హిల్స్ టోర్నమెంట్ సరిగ్గా అప్పుడే: జర్మనీలో ఓబెర్‌స్ట్‌డార్ఫ్, జనవరి 1న గార్మిష్ పార్టెన్‌కిర్షెన్, తర్వాత ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్, జనవరి 6న బిషాఫ్స్‌హోఫెన్. నాలుగు కొండలు, పది రోజుల్లోపు మొత్తం కథ. మొదటి రౌండులో యాభైమందిని ఇరవై అయిదు జంటలు చేసి పోటీ పెడతారు. గెలిచిన 25 మంది, ఓడినవాళ్లలో మెరుగైన అయిదుగురు ముందుకి వెళతారు. ఒకే ఏడాది నాలుగు కొండలూ గెలిచినవాళ్లు ముగ్గురు: 2001-02లో స్వెన్ హన్నావాల్డ్, 2017-18లో కామిల్ స్టోఖ్, ఆ మరుసటి ఏడాదే జపాన్ ఆటగాడు ర్యోయు కొబయాషి.

ఇక్కడ అందరికీ వచ్చే సందేహం: తక్కువ దూరం దూకినవాడు ఎలా గెలిచాడు? లెక్క చూడండి. ప్రతి కొండకీ కె పాయింట్ అనే గీత ఉంటుంది. అక్కడికి దూకితే 60 పాయింట్లు. పెద్ద కొండ మీద ఆ గీత దాటిన ప్రతి మీటరుకి 1.8 కలుపుతారు, తగ్గిన ప్రతి మీటరుకి అంతే తీసేస్తారు. గీత 120 మీటర్ల దగ్గరుండి మనవాడు 130 దూకితే 78. అయిదుగురు జడ్జీలు తలా 20కి మార్కులు వేస్తారు, అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మిగతా మూడూ కలుపుతారు. మూడు పద్దెనిమిదిన్నరలంటే 55.5, మొత్తం 133.5. దీని మీద గాలి లెక్క. ఎదురుగాలి గాల్లో నిలబెడుతుంది కాబట్టి అది అందినవాడికి కోత, వెనకగాలిలో దూకినవాడికి కలిపి ఇస్తారు. దిగడం మొదలుపెట్టే గేటు పైకో కిందకో మార్చినా ఇలాగే సర్దుతారు. పట్టీలో చిన్న అక్షరాల్లో ఉండే ఆ గాలి గడే చాలాసార్లు విజేతని తేలుస్తుంది.

ఇంకో మాట, ఫలితం అధికారికం అయ్యేదాకా సంబరం వద్దు. 2025 మార్చిలో నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో పెద్ద కొండ పోటీ అయ్యాక, దుస్తుల్లో మార్పులు చేశారని ఆతిథ్య జట్టు ఆటగాళ్లిద్దరిని అనర్హుల్ని చేశారు. రెండో స్థానంలో నిలిచిన మారియస్ లిండ్విక్ రజతం పోయింది.

ఆల్పైన్ స్కీయింగ్ గురించి ముఖ్యమైనది ఒక్కటే. స్లాలమ్, జెయింట్ స్లాలమ్‌లలో (పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ కొండ దిగే పోటీలు) రెండు పరుగుల సమయం కలుపుతారు. మొదటి పరుగులో మొదటి ముప్ఫైమంది రెండో పరుగులో తలకిందుల వరసలో వస్తారు, ముందున్నవారు ఆఖరున. కాబట్టి టైం లేకపోతే రెండో పరుగు చివరి ఇరవై నిమిషాలు చూసినా చాలు. అమెరికా స్కీయర్ మికేలా షిఫ్రిన్ 2025 ఫిబ్రవరిలో ఇటలీలోని సెస్ట్రియేర్‌లో తన వందో ప్రపంచకప్ రేసు గెలిచింది. ఆమెకి ముందు రికార్డు స్వీడన్‌కి చెందిన ఇంగెమార్ స్టెన్‌మార్క్‌ది, 86.

కర్లింగ్, హాకీలకి నేను చెప్పాల్సిందేమీ లేదు, స్కోరు స్కోరులాగే ఉంటుంది.

ఎనిమిదో పని: మనవాళ్లని కూడా వెతకండి, కానీ సరైన చోట

శివ కేశవన్ 1998 నగానో నుంచి 2018 ప్యాంగ్‌చాంగ్ దాకా ఆరు ఒలింపిక్స్‌లో లూజ్ (ఐస్ దారిలో చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని జారే ఆట) ఆడాడు. 2022 బీజింగ్‌కి మన దేశం నుంచి వెళ్లింది ఒక్కడే, కశ్మీర్‌కి చెందిన ఆరిఫ్ ఖాన్. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం, స్లాలమ్‌లో డీఎన్‌ఎఫ్. నలభై అయిదా అని పెదవి విరవకండి. ఆ రోజు మంచు కురుస్తూ ఎదర ఏముందో కనపడని స్థితిలో పెద్ద పేర్లున్నవాళ్లు కూడా మొదటి పరుగులోనే జారిపోయారు. రెండు పరుగులూ పూర్తి చేసి పట్టీలో పేరు పక్కన సమయం రాయించుకోవడమే ఒక పని.

ప్రపంచకప్ పేజీల్లో మనవాళ్లు అరుదుగా దొరుకుతారు. ప్రపంచకప్ కింది మెట్టయిన కాంటినెంటల్ కప్పులు, ఆసియా పోటీలు, ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ ఫలితాలు చూడాలి. అవి గుల్మార్గ్‌లో స్కీలకి, లద్దాఖ్‌లో ఐస్ ఆటలకి జరుగుతుంటాయి. 2025లో మన మహిళల ఐస్ హాకీ జట్టు ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. స్కేటింగ్‌లో తెలంగాణ పేరు కూడా కనపడుతుంటుంది. మంచు లేని ఊళ్ల పిల్లలు చక్రాల స్కేట్ల మీద మొదలుపెట్టి ఐస్ మీదకి వెళుతుంటారు.

చివరగా కొన్ని చిన్న సంగతులు

రేసు తర్వాత చూసుకుందామనుకుంటే ఫోన్‌లో నోటిఫికేషన్లు ఆపేయండి. యాప్ ఆపినా సరిపోదు. వీడియో సైట్లు పక్కన చూపించే చిన్న బొమ్మలోనే విజేత చేతులెత్తి నిలబడి ఉంటాడు. నేను నేరుగా లింకు సేవ్ చేసి పెట్టుకుని, కిందకి జరపకుండా తెరుస్తాను.

సైట్లో పాత సీజన్ల పట్టీలన్నీ ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం ఏమీ తోచనప్పుడు ఒకటి తీసి, స్థానాల గడిని చేత్తో మూసి, కాల్పులు, పరుగు సమయాలు మాత్రమే చూసి ఎవరు గెలిచి ఉంటారో చెప్పడానికి ప్రయత్నించండి. పిల్లలుంటే వాళ్లతో పందెం కట్టండి, కూడికలు కూడా వస్తాయి.

మార్చి చివర్లో కొన్ని పేర్లు సెలవు తీసుకుంటాయి. 2025లో హోల్మెన్‌కోలెన్‌లో యొహానెస్ బో, అతని అన్న తార్యెయ్ ఒకేసారి ఆట మానేశారు. ఆ ఏడు గ్లోబ్ వాళ్ల జట్టులోనే ఉన్న స్టుర్లా హోల్మ్ లేగ్రైడ్‌కి వెళ్లింది. మీ నోటుబుక్కులోని మనిషి కూడా ఏదో ఒక మార్చిలో ఇలాగే వెళ్లిపోతాడు. అప్పుడు మళ్లీ పట్టీలో పదిహేనో స్థానం దగ్గరికి రండి.

మంచు కరిగాక వాళ్లు ఊరుకోరు, చక్రాల స్కీల మీద తారురోడ్డు మీద సాధన చేస్తారు. ఆగస్టు ప్రాంతంలో వేసవి బయాథ్లాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ అని చక్రాల స్కీల మీదే పోటీ కూడా ఉంటుంది. అక్కడా అవే అయిదు నల్ల గుండ్రాలు, అదే 0+1. మీరప్పటికి మామిడికాయ ఊరగాయ పట్టేసి, ఫ్యాన్ కింద కూర్చుని చూస్తుంటారు.